తల్లిపాలు ఎవరి సొత్తు? ఎవరి బాధ్యత?

సకల స్తోత్రాలు సర్వలోకాల ప్రభువైన అల్లాహ్‌కే శోభిస్తాయి. ఆయన బిడ్డను ఈ లోకానికి పంపడానికి ముందే ఆ బిడ్డ ఆహారాన్ని తల్లి గుండెల్లో సిద్ధం చేశాడు. ఆయన అంతిమ ప్రవక్త ముహమ్మద్ (స) పై, వారి కుటుంబీకులపై, సహచరులపై శాంతి, శుభాలు కురియుగాక!

మరిపెడ, కురవి, డోర్నకల్, తొర్రూరు ప్రాంతాల్లో ఏ ఇంట్లో కాన్పు జరిగినా మూడో రోజుకల్లా ఒక మాట వినబడుతుంది: "పాలు పడలేదు." ఆ మాట వెనకే డబ్బా పాలు వస్తాయి. ఇప్పుడు దానికి మరొకటి తోడైంది. వరంగల్, ఖమ్మం మెడికల్ షాపుల్లో పాలు తీసే పంపులు దొరుకుతున్నాయి. నెలలు నిండకుండా పుట్టిన బిడ్డ వరంగల్ ఆసుపత్రిలో గాజు పెట్టెలో ఉంటుంది. తల్లి పక్కనే కూర్చుని పాలు తీసి నర్సు చేతికి ఇస్తుంది. బడిలో పాఠాలు చెప్పే తల్లి, పత్తి ఏరడానికో మిరప కోతకో పోయే తల్లి కూడా పాలు తీసి ఇంట్లో పెట్టి పోవలసి వస్తోంది.

దీనితో కొన్ని మసలాలు తలెత్తాయి. తీసిన పాలు తాగిస్తే బిడ్డ హక్కు తీరినట్లేనా? పాలు తక్కువైతే తప్పు ఎవరిది? ఆ పాలు ఎవరి సొత్తు? వాటిని ఇంకో బిడ్డకు తాగించవచ్చా? ఇవన్నీ వేర్వేరు ప్రశ్నలుగా కనిపిస్తాయి కాని వీటి వేరు ఒక్కటే: తల్లిపాల బాధ్యతను అల్లాహ్ ఎవరెవరి భుజాల మీద పెట్టాడు?

దివ్య ఖుర్ఆన్ ఏం చెబుతోంది?

అల్ బఖరా సూరాలోని 233వ ఆయతు మనకు కంఠతా వచ్చినదే. అయితే అందులో సగమే మన నోళ్ళలో ఆడుతుంది. తల్లులు తమ బిడ్డలకు పూర్తి రెండేళ్ళు పాలివ్వాలన్న భాగాన్ని అందరూ చెబుతారు. దాని వెంటనే వచ్చే భాగాన్ని కూడా చూడండి. ఆ తల్లి తిండికి, బట్టకు వాడుక ప్రకారం ఏర్పాటు చేయవలసిన భారం తండ్రిపై ఉంది. ఎవరిపైనా శక్తికి మించిన బరువు మోపరాదు. బిడ్డ కారణంగా తల్లిని కష్టపెట్టరాదు, తండ్రినీ కష్టపెట్టరాదు. తండ్రి లేకపోతే ఆ బాధ్యత వారసుడిది. రెండేళ్ళకు ముందే పాలు మాన్పించాలంటే అది ఆలుమగలిద్దరి అంగీకారంతో, పరస్పర సలహాతో జరగాలి.

ఒక్క ఆయతులో తల్లి పేరు, తండ్రి పేరు, వారసుడి పేరు వచ్చాయి. బిడ్డ నోటికి పాలు తల్లి నుంచే వస్తాయి. కాని ఆ పాల వెనక నిలబడవలసిన వారు ఇంతమంది.

హనఫీ ఫుఖహాలు ఈ ఆయతు నుంచి సున్నితమైన ఒక విషయాన్ని తీశారు. పాలివ్వడం తల్లిపై దియానతన్ వాజిబ్, అంటే అల్లాహ్ ముందు ఆమె జవాబుదారీ. కాని ఖజాఅన్ వాజిబ్ కాదు, అంటే మామూలు పరిస్థితుల్లో ఖాజీ ఆమెను బలవంతపెట్టలేడు. బిడ్డ మరెవ్వరి పాలూ పట్టనప్పుడు, లేదా వేరే ఏర్పాటు చేసే స్థోమత తండ్రికి లేనప్పుడు మాత్రమే బలవంతానికి చోటుంది. ఎందుకిలా? తన బిడ్డపై తల్లికి ఉండే ప్రేమే చాలునని, ఆమె ఇవ్వలేకపోతుంటే దానికి ఏదో కారణం ఉంటుందని ధర్మం ఆమెను నమ్మింది. ఖాజీకే లేని అధికారం అత్తగారి ఎత్తిపొడుపుకు ఎక్కడిది? చూడవచ్చిన బంధువుల నోటికి ఎక్కడిది?

పాలు తగ్గడం శాపమా?

మన ప్రియ ప్రవక్త (స) కు పాలిచ్చిన హజ్రత్ హలీమా సఅదియా (రజి) గారి సంగతే తీసుకోండి. సీరత్ గ్రంథాలు చెప్పే ప్రకారం అది కరువు సంవత్సరం. ఆమె రొమ్ములో సొంత బిడ్డకు సరిపడా పాలు లేవు. ఆ బిడ్డ ఆకలి ఏడ్పుకు రాత్రుళ్ళు ఇంట్లో ఎవరికీ నిద్ర లేదు. వారి ఒంటె కూడా పాలివ్వలేదు. తరువాత అల్లాహ్ శుభం కలిగించాడు. ఆమెకు పాలు పడ్డాయి, ఒంటె పొదుగూ నిండింది. భర్త లేచి ఒంటె పాలు పితికాడు, తానూ తాగాడు, హలీమా కూడా కడుపునిండా తాగింది.

ఇక్కడ రెండు పాఠాలున్నాయి. మొదటిది, పాలు తక్కువ పడిన స్త్రీ చెడ్డ తల్లి కాదు. ప్రవక్త (స) పెంపకం కోసం అల్లాహ్ ఎన్నుకున్న మహిళకే ఒకప్పుడు పాలు లేవు. రెండోది, శుభం దిగినప్పుడు కూడా భర్త చేతులు కట్టుకు కూర్చోలేదు. లేచి పితికాడు, ఆమె కడుపు నిండింది.

ప్రవక్త (స) కుమారుడు హజ్రత్ ఇబ్రాహీం (రజి) కూడా మదీనా శివార్లలో ఒక కమ్మరి ఇంట్లో, ఆ కమ్మరి భార్య పాలు తాగి పెరిగారు. ప్రవక్త (స) అక్కడికి స్వయంగా వెళ్ళి బిడ్డను ఎత్తుకుని ముద్దాడేవారని సహీహ్ ముస్లింలో ఉంది. అందుకే బిడ్డ మరో విధంగా పోషణ పొందవలసి వస్తే అది తల్లికి సిగ్గుచేటు కానే కాదు.

పాలు ఎలా పెరుగుతాయి?

ఆకేరు వాగు ఇసుకలో చెలమ తీసినవారికి ఈ సంగతి సులువుగా అర్థమవుతుంది. చెలమ తోడేకొద్దీ ఊరుతుంది, తోడకుండా వదిలేస్తే పూడిపోతుంది. అల్లాహ్ తల్లి దేహంలో పెట్టిన ఏర్పాటు కూడా ఇలాంటిదే. రొమ్ము ఎంత ఖాళీ అయితే దేహం అంత తయారు చేస్తుంది. పాలు నిలిచిపోతే "ఇక అవసరం లేదు" అన్న సందేశం అంది ఉత్పత్తి తగ్గుతుంది.

డబ్బా పాలు చేసే నష్టం ఇక్కడే మొదలవుతుంది. మొదటి రెండు మూడు రోజులు వచ్చే ముర్రుపాలు చెంచాల్లో కొలిచేంతే ఉంటాయి. అప్పుడే పుట్టిన బిడ్డ కడుపుకు అవి చాలు. పసుపురంగులో చిక్కగా ఉన్నాయని వాటిని పిండి పారబోయడం బిడ్డకు అల్లాహ్ పంపిన తొలి మందును పారబోయడమే. చుక్కలే కదా అని డబ్బా పాలు పడతారు. బిడ్డ కడుపునిండి నిద్రపోతుంది, రొమ్ము పట్టదు. పట్టలేదు కనుక పాలు పెరగవు. పెరగలేదు కనుక "చూశారా, ఈమెకు పాలు లేవు" అంటారు. ఇంట్లోవాళ్ళు చేసిన పనికి తల్లి మీద నింద పడుతుంది.

మన రాష్ట్రంలో దీనికి మరో కారణం తోడవుతోంది. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో నూటికి 60కి పైగా కాన్పులు ఆపరేషన్ ద్వారానే జరిగాయి. పుట్టిన గంటలోపు తల్లి రొమ్ము అందుకున్న పిల్లలు నూటికి 40 మంది కూడా లేరు. ఆపరేషన్ అయిన తల్లికి కూడా పాలు పడతాయి. కాని ఆమె తనంత తాను లేచి బిడ్డను అందుకోలేదు. ఎవరో ఒకరు బిడ్డను ఆమె రొమ్ముకు చేర్చాలి. ఆ "ఎవరో ఒకరు" మనమే.

బిడ్డ రొమ్ము పట్టలేని స్థితిలో ఉంటే చేతితోగాని పంపుతోగాని పాలు తీయాలి. కాన్పు అయిన కొద్ది గంటల్లోనే మొదలుపెట్టి, రాత్రి పగలు కలిపి 24 గంటల్లో కనీసం 8 సార్లు తీయాలని వైద్యులు చెబుతారు. పాలను ఊరించే హార్మోను రాత్రివేళ ఎక్కువగా ఉంటుంది. అందుకే రాత్రి ఒకసారైనా మానకూడదు. మొదట్లో చెంచాడు కూడా రాకపోవచ్చు. అది ఓడిపోవడం కాదు, చెలమలో మొదటి చెంబు అంతే. శుభ్రంగా కడిగి మరిగించిన గిన్నెలో తీసి, మన పెద్దలు వాడిన ఉగ్గుగిన్నెతోనే తాగించవచ్చు. తీసిన పాలు మామూలు గది వేడిలో 4 గంటలు, ఫ్రిజ్‌లో 4 రోజులు నిలుస్తాయని వైద్యుల లెక్క. మన ఎండాకాలంలో, కరెంటు పోయే ఊళ్ళలో అంతసేపు కూడా నమ్మకూడదు.

బిడ్డ రోజుకు 6 సార్లు, అంతకు మించి మూత్రం పోస్తూ బరువు పెరుగుతుంటే పాలు చాలుతున్నట్లే. బరువు పెరగకపోతే మాటలతో కాలయాపన చేయకుండా డాక్టరుకు చూపాలి. థైరాయిడ్, కాన్పులో అధిక రక్తస్రావం వంటి కారణాల వల్ల కొందరికి నిజంగానే పాలు చాలవు. వైద్యుడు చెప్పినప్పుడు డబ్బా పాలు పట్టడం పాపం కాదు. బిడ్డ ప్రాణం కాపాడటమే షరీఅత్ ఉద్దేశం.

తీసిన పాలతో హక్కు తీరుతుందా?

తీరుతుంది. బిడ్డ హక్కు పోషణ. అది రొమ్ము నుంచి అందినా, గిన్నె నుంచి అందినా పోషణే. పాలు తీసి గిన్నెలో పట్టి తాగించినా రజాఅత్ స్థిరపడుతుందని హనఫీ ఫిఖహ్ గ్రంథాలు స్పష్టంగా చెప్పాయి. బంధుత్వం నిలబెట్టడానికి గిన్నె పాలు చాలినప్పుడు బాధ్యత తీర్చడానికి ఎందుకు చాలవు? పాలు తీయడం వల్ల వుజూ భంగం కాదు. రోజా భంగం కాదు. పాల చుక్కలు పడిన బట్ట అపరిశుభ్రం కాదు. రంజాన్‌లో రోజా వల్ల తనకో బిడ్డకో హాని కలుగుతుందని భయపడే తల్లి రోజా వాయిదా వేసుకుని తరువాత ఖజా చేసుకోవచ్చు. పాలిచ్చే స్త్రీకి అల్లాహ్ ఈ సడలింపు ఇచ్చాడని ప్రవక్త (స) స్వయంగా తెలియజేశారు. దాన్ని వాడుకున్న కోడలిని "రోజా ఎగ్గొట్టింది" అనడం అల్లాహ్ ఇచ్చిన కానుకను తప్పుపట్టడమే.

ఇక ఆ పాలు ఎవరి సొత్తు? హనఫీ ఇమాములు స్త్రీ పాలను అమ్మడం చెల్లదన్నారు. మనిషి దేహం గౌరవనీయమైనది, దానిలోని భాగం సరుకు కాదు అన్నది వారి వాదన. షాఫయీ ఇమాములు ఈ విషయంలో భిన్నంగా చెప్పారు. మన దేశంలో ఆహార భద్రతా సంస్థ 2024 మేలో తల్లిపాల వ్యాపారం చేయరాదని హెచ్చరిక జారీ చేసింది. దాయీకి ఇచ్చే వేతనం ఆమె సేవకు, శ్రమకు. పాలకు ధర కాదు. దీని నుంచి మనం గ్రహించవలసింది ఏమిటంటే, తల్లిపాలు భర్త సొత్తు కావు, అత్తింటి సొత్తు కావు, తల్లి అమ్ముకునే సరుకూ కావు. అవి బిడ్డ కోసం తల్లి వద్ద అల్లాహ్ ఉంచిన అమానత్.

పంపు వల్ల ఇక్కడే ఒక ప్రమాదం పొంచి ఉంది. రొమ్ము పాలను ఎవరూ కొలవలేదు. సీసా మీద గీతలున్నాయి. ఈ పూట ఎంత, నిన్న ఎంత అని ఇల్లంతా సీసా వైపు చూస్తుంది. తల్లి విలువ ఆ గీతల్లోకి వచ్చి పడుతుంది. సోదరులారా! ఆ గీతలు యంత్రం తీసిన పాలను కొలుస్తాయి. బిడ్డ స్వయంగా తాగేది దానికంటే ఎక్కువ ఉండవచ్చు. తల్లి రాత్రి ఎన్నిసార్లు లేచిందో, కుట్ల నొప్పి ఎలా ఓర్చుకుందో ఏ గీతా చెప్పదు. అమానత్ కాపాడేవారిని చూసి ముందు అడగవలసిన ప్రశ్న "ఎంత వచ్చింది?" కాదు. "నువ్వు తిన్నావా? పడుకున్నావా?" అని అడగాలి.

హజ్రత్ ఉమర్ (రజి) నేర్పిన పాఠం

ఒక రాత్రి మదీనా వెలుపల బిడారు దిగింది. హజ్రత్ ఉమర్ (రజి), హజ్రత్ అబ్దుర్రహ్మాన్ బిన్ ఔఫ్ (రజి) కాపలా కాశారు. ఒక పసిబిడ్డ ఏడుపు వినబడింది. ఉమర్ (రజి) వెళ్ళి బిడ్డను చూసుకోమని తల్లికి చెప్పి వచ్చారు. మళ్ళీ ఏడుపు, మళ్ళీ వెళ్ళారు. చివరకు ఆ తల్లి, ఆయన ఎవరో ఎరగక, అసలు కారణం చెప్పింది: ఖలీఫా పాలు మానిన పిల్లలకే భత్యం ఇస్తున్నారు, అందుకని బిడ్డకు పాలు మాన్పిస్తున్నాను. చరిత్రకారుడు ఇబ్నె సఅద్ నమోదు చేసిన ఈ ఉదంతం ప్రకారం ఆ ఫజర్ నమాజులో ఉమర్ (రజి) ఏడ్పు వల్ల ఆయన ఖిరాఅత్ ప్రజలకు సరిగా వినబడలేదు. పాలు మాన్పించడానికి తొందరపడవద్దని, ఇకపై ముస్లింల ఇంట పుట్టిన ప్రతి బిడ్డకూ భత్యం ఉంటుందని ఆయన ప్రకటన చేయించారు.

ఉమర్ (రజి) మొదట ఆ తల్లినే మందలించారు. కారణం తెలిశాక ఆమెను కాదు, తన నిర్ణయాన్ని సరిచేశారు. బిడ్డ రొమ్ముకు దూరమైనప్పుడు తల్లిని నిలదీసే ముందు ఆమెను ఆ స్థితికి తెచ్చిన ఏర్పాటును వెతకాలన్నది ఖలీఫా సున్నత్.

మన ఇళ్ళలో ఆ ఏర్పాటు ఎలా ఉంది? కొందరి ఇళ్ళలో పథ్యం పేరుతో బాలింతకు నీళ్ళు కూడా తగ్గిస్తారు, కూరలు మాన్పిస్తారు. చిల్లా పూర్తి కాకముందే పొయ్యి ముందు నిలబెడతారు. 2017లో చట్టం మార్చి ప్రసూతి సెలవును 12 వారాల నుంచి 26 వారాలకు పెంచారు. అది నెల జీతం ఉద్యోగినికి అందుతుందేమో కాని మిరప చేలో కూలికి పోయే తల్లికి అందదు. ఆమెకు ఆ సెలవు ఇవ్వగలిగింది భర్త ఒక్కడే, ఆ ఇల్లు ఒక్కటే. పైన చెప్పిన ఆయతు వెలుగులో చూస్తే బాలింతకు మంచి తిండి, మందులు, అవసరమైతే పంపు ఖర్చు, ఆసుపత్రిలో బిడ్డ దగ్గర ఉండటానికి దారి ఖర్చు భర్త చేసే ఉపకారాలు కావు. ఆయన తీర్చవలసిన బాధ్యతలు. అంగన్‌వాడీ కేంద్రాల్లో 2015 నుంచి ఆరోగ్యలక్ష్మి పథకం కింద బాలింతలకు ఒక పూట భోజనం, గుడ్డు, పాలు ఇచ్చే ఏర్పాటు చేశారు. పర్దా పేరుతోనో, పరువు పేరుతోనో దాన్ని వదులుకోవడం వివేకం కాదు.

గామిదియా స్త్రీ ఉదంతం కూడా గుర్తుంచుకోదగినది. తన నేరాన్ని తానే ఒప్పుకుని శిక్ష కోరి వచ్చిన ఆమెను ప్రవక్త (స) కాన్పు అయ్యేదాకా, ఆ తరువాత బిడ్డ పాలు మాని రొట్టె తినే దాకా తిప్పి పంపారని సహీహ్ ముస్లింలో ఉంది. బిడ్డ పాల కోసం అల్లాహ్ విధించిన శిక్షే ఆగింది. ఇంటి పని ఆగకూడదా?

మరో తల్లి పాలు

తల్లి పాలు ఎంతకూ చాలకపోతే పిన్నిగాని, వదినగాని ఇవ్వవచ్చు. అయితే ఇందులో జాగ్రత్త అవసరం. పుట్టుక వల్ల నిషిద్ధమయ్యే సంబంధాలు పాల వల్ల కూడా నిషిద్ధమవుతాయని ప్రవక్త (స) సెలవిచ్చారు. హనఫీల ప్రకారం పాల వయసులో ఒక్క గుక్క కడుపులోకి పోయినా చాలు. షాఫయీల ప్రకారం 5 సార్లు తాగాలి. మేనరికాలు, దగ్గరి సంబంధాలు చేసుకునే మన ఇళ్ళలో ఇది చిన్న విషయం కాదు. హజ్రత్ ఉఖ్బా బిన్ హారిస్ (రజి) కు పెళ్ళయ్యాక ఒక స్త్రీ వచ్చి మీ ఇద్దరికీ నేను పాలిచ్చానంది. ఆయన మక్కా నుంచి మదీనాకు ప్రయాణమై వెళ్ళి అడిగితే ప్రవక్త (స) ఆమెను విడిచిపెట్టమన్నారని బుఖారీలో ఉంది. కాబట్టి ఎవరు, ఎవరికి, ఎప్పుడు పాలిచ్చారో ఇంటి పుస్తకంలో రాసి, రెండు కుటుంబాలకూ తెలియజేయాలి.

పాల బ్యాంకుల సంగతి మరింత సున్నితమైనది. మన దేశంలో మొదటిది 1989లో ముంబయి సయన్ ఆసుపత్రిలో వచ్చింది. హైదరాబాద్ నీలోఫర్ ఆసుపత్రిలో "ధాత్రి" 2017లో మొదలైంది. నెలలు నిండని పసికందుల ప్రాణాలు కాపాడటం వాటి ఉద్దేశం, అది గౌరవించదగినది. చిక్కు ఎక్కడంటే, అక్కడ చాలామంది తల్లుల పాలు కలుస్తాయి, పేర్లు తెలియవు. ఇస్లామీ సహకార సంస్థకు చెందిన ఫిఖహ్ అకాడమీ 1985లో జెద్దాలో ముస్లిం సమాజాల్లో ఇటువంటి బ్యాంకులు కూడదని తీర్మానించింది. షేఖ్ యూసుఫ్ ఖర్జావీ వంటి కొందరు పండితులు అనుమతించారు. కరాచీలో అలాంటి కేంద్రం ఒకటి 2024 జూన్‌లో, దారుల్ ఉలూమ్ కరాచీ తన షరతులతో కూడిన ఫత్వాను సవరించడంతో ఆగిపోయింది. మన పాఠకులకు మా సలహా ఇది: ముందు తల్లి తన పాలు తీసేలా ఆసుపత్రిలో సహాయం కోరండి. తరువాత పేరు తెలిసిన ఒకే తల్లి పాల కోసం చూడండి. ఆ దారీ లేక బిడ్డ ప్రాణానికే ముప్పని నమ్మకమైన వైద్యుడు చెబితే వెంటనే ఒక ముఫ్తీని సంప్రదించండి. ప్రాణాపాయ స్థితికి షరీఅత్‌లో వేరే నియమం ఉంది. పిల్ల ప్రాణం పోయేదాకా వాదనలో కూర్చోవడం ధర్మం కాదు.

సోదరీమణులారా! మీరు రాత్రి రెండు గంటలకు లేచి, కళ్ళు మండుతుండగా తీసిన నాలుగు చుక్కలను మనుషులు కొలవలేకపోవచ్చు. ఒక్కో గుక్కకు ఇంత పుణ్యమని కొన్ని ఉపన్యాసాల్లో వినిపించే ఉల్లేఖనాల ఆధారం బలహీనమైనదని హదీసు పండితులు అన్నారు. వాటి అవసరం మనకు లేదు. కష్టం మీద కష్టం ఓర్చి తల్లి బిడ్డను మోసిందని అల్లాహ్ తన గ్రంథంలో స్వయంగా చెప్పాడు. చూసేవాడు ఆయన, లెక్క పెట్టేవాడు ఆయన.

సోదరులారా! ఆ చుక్కలు పెరగాలంటే ఆమె కడుపు నిండాలి, కంటికి నిద్ర అందాలి, మనసు కుదుటపడాలి. ఆ మూడూ మీ చేతుల్లో ఉన్నాయి. రేపు ప్రళయదినాన బిడ్డ పాల గురించి ప్రశ్న వస్తే అది తల్లి ఒక్కర్తెకే వస్తుందని ఎవరూ అనుకోవద్దు.

అల్లాహ్ మన ఇళ్ళలోని తల్లులకు ఆరోగ్యాన్ని, పసిబిడ్డలకు సమృద్ధిని, మగవారికి బాధ్యత నెరవేర్చే సద్బుద్ధిని ప్రసాదించుగాక! ఆమీన్.